చూపే మాటగా, చూపే చేయిగా: దేహం సహకరించని పిల్లలకు కంటిచూపుతో చదువు, ఆట

మాట రాని, చేతులు స్వాధీనంలో లేని బిడ్డను చూసినప్పుడు చాలామంది నోట వెలువడే మొదటి మాట "పాపం, ఏమీ తెలియదు" అన్నది. ఆ మాట ఎంత తొందరపాటుతో కూడినదో నాకు తెలిసివచ్చిన సందర్భం ఒకటి ఉన్నది.

పావగడ వైపు ఒక ఊరిలో, బడికి రాలేని పిల్లల వివరాలు వ్రాసుకొనుటకు ఒక ఇంటికి వెళ్లాను. ఆ పాపకు తొమ్మిదేళ్లు. పుట్టినప్పటి నుండి మస్తిష్క పక్షవాతం, అంటే సెరెబ్రల్ పాల్సీ. కాళ్లు, చేతులు బిగుసుకొని ఉంటాయి, మెడ నిలవదు, మాట లేదు. బడి భాష కన్నడం కాబట్టి నేను అలవాటుగా కన్నడంలోనే నాలుగైదు ప్రశ్నలు అడిగాను. పాప నా వైపు చూసి ఊరుకున్నది. నేను పుస్తకంలో "స్పందన లేదు" అని వ్రాసుకున్నాను. అంతలో పక్కనున్న అవ్వ, "కన్నడంలో అడిగితే దానికేం తెలుస్తుంది సార్? మన మాటల్లో అడగండి" అని, రెండు చేతులలో రెండు లోటాలు పట్టుకొని, "పాలు కావాలా బంగారూ, మజ్జిగ కావాలా?" అన్నది. పాప కళ్లు నేరుగా మజ్జిగ లోటా మీదకు వెళ్లి అక్కడే నిలిచాయి. అవ్వ లోటాలను అటుదిటు మార్చింది. కళ్లు కూడా మారి మళ్లీ మజ్జిగ దగ్గరకే వచ్చాయి. నేను వ్రాసిన మాటను కొట్టివేశాను.

ఆ అవ్వ చేసిన పనినే యంత్రం సహాయంతో మరింత విస్తారంగా చేసే విధానం పేరు ఐ గేజ్ సాంకేతికత. కంటిచూపుతో కంప్యూటరును నడపడం అని దీనిని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఇది ఎలా పనిచేస్తుంది, ఎవరికి ఉపకరిస్తుంది, యంత్రం అందుబాటులో లేని మన పల్లెలలో ఈనాడే ఏమి చేయవచ్చు అన్న విషయాలను సరిహద్దు గ్రామాల తల్లిదండ్రుల కొరకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రం చూపును ఎలా కనిపెడుతుంది?

కంప్యూటరు తెర అడుగున సన్నని పట్టీ వంటి పరికరం ఒకటి అమర్చి ఉంటుంది. అందులో నుండి మన కంటికి కనిపించని పరారుణ కాంతి బిడ్డ కళ్లపై పడుతుంది. కంటి ముందు భాగంలో అద్దం వలె ఉండే కార్నియా పొర మీద ఆ కాంతి చిన్న మెరుపుగా ప్రతిఫలిస్తుంది. పరికరంలోని కెమెరా ఆ మెరుపును, నల్లని కంటిపాప నడిబిందువును వెంటవెంటనే చిత్రిస్తుంది. బిడ్డ కుడికి చూస్తే కంటిపాప కుడికి జరుగుతుంది, మెరుపు మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరాన్ని, దిశను లెక్కగట్టి బిడ్డ తెరపై ఏ చోటును చూస్తున్నదో కంప్యూటరు నిర్ణయిస్తుంది.

అందరి కళ్లూ ఒకే తీరుగా ఉండవు గనుక మొదట ఒక చిన్న పరీక్ష జరుగుతుంది. తెరపై ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని చోట్ల చుక్కలు కనిపిస్తాయి. బిడ్డ వాటిని చూస్తే యంత్రం ఆ కళ్ల తీరును గుర్తు పెట్టుకొంటుంది. దీనిని క్యాలిబ్రేషన్ అంటారు. చిన్న పిల్లలకు చుక్కల బదులు కదిలే బొమ్మలు చూపుతారు. మెల్లకన్ను ఉన్న పిల్లలకు ఒక కంటినే ఆధారంగా తీసుకొనేలా అమర్చే వీలున్న పరికరాలు ఉన్నాయి.

ఇక చిక్కు ఒకటి ఉన్నది. చేయి తాకినప్పుడు మాత్రమే పని చేస్తుంది. కన్నయితే తెరచి ఉన్నంతసేపూ ఏదో ఒకదానిని చూస్తూనే ఉంటుంది. చూసిన ప్రతిదీ ఎంపిక అయిపోతే భస్మాసురుని హస్తం చందమవుతుంది. అందుచేత ఒక బొమ్మపై చూపు కొంతసేపు, సాధారణంగా అర సెకను నుండి రెండు సెకన్ల వరకు, నిలిచినప్పుడే దానిని ఎంపికగా యంత్రం స్వీకరిస్తుంది. ఈ వ్యవధిని బిడ్డ శక్తిని బట్టి పెంచవచ్చు, తగ్గించవచ్చు.

ఈ విద్య ఎక్కడ నుండి వచ్చింది?

మనిషి చదివేటప్పుడు చూపు వరుస వెంబడి జారిపోదనీ, చిన్న చిన్న గెంతులుగా సాగుతుందనీ ఫ్రాన్సు దేశపు నేత్రవైద్యుడు ఎమిల్ జావాల్ 1879 ప్రాంతంలోనే వివరించాడు. చూపును కొలిచే పరికరాలు ఆ తరువాత చాలాకాలం ప్రయోగశాలలకే పరిమితమయ్యాయి. 1990 దశకంలో అమెరికాలోని బోస్టన్ కళాశాలలో కంటి చుట్టూ ఎలక్ట్రోడులు అంటించి, తీవ్ర వైకల్యం గల పిల్లలు కంప్యూటరును నడిపే 'ఈగల్ ఐస్' అనే విధానం రూపొందింది. 2001లో స్వీడన్‌లో స్థాపితమైన టోబీ సంస్థ, ముఖానికి ఏమీ తగిలించకుండానే చూపును గుర్తించే పరికరాలను విస్తృతంగా అందించింది. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10లోనే కంటిచూపు నియంత్రణను చేర్చింది. అయితే దానికి విడిగా పరికరం తగిలించుకోవాలి. ఆపిల్ 2024లో తన కొత్త ఐఫోను, ఐప్యాడ్‌లలో ముందు కెమెరాతోనే చూపును గుర్తించే ఏర్పాటు ప్రవేశపెట్టింది. గూగుల్ 2020లో విడుదల చేసిన 'లుక్ టు స్పీక్' అనే ఆండ్రాయిడ్ యాప్‌లో ఎడమకు, కుడికి, పైకి చూడడం ద్వారా వాక్యాలను ఎంచుకొని ఫోను చేత పలికించవచ్చు.

మన దేశంలోనూ ఈ కృషి జరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు, చెన్నైలో 1985 నుండి పనిచేస్తున్న విద్యాసాగర్ సంస్థలోని యువతీయువకులతో కలిసి, చూపుతోనే ఒక యంత్రహస్తాన్ని కదిలించి వస్తువును ఒకచోట నుండి తీసి వేరొకచోట ఉంచే ఏర్పాటును తయారుచేశారు. ఆ ప్రయోగఫలితాలు 2020లో ప్రచురితమయ్యాయి. కన్ను చేయి చేసే పని కూడా చేయగలదనుటకు ఇది నిదర్శనం.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. 2018లో మరణించిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ కంటితోనే కంప్యూటరు నడిపేవాడని చాలామంది అనుకుంటారు. ఆయన చివరి సంవత్సరాలలో ఉపయోగించినది చెంప కండరపు కదలికను. దీనినుండి మనం గ్రహించవలసినది, బిడ్డకు స్వాధీనంలో ఉన్న కదలిక ఏదో అదే దారి అవుతుందని. కొందరికి అది చూపు, కొందరికి తల కదలిక, మరికొందరికి మోకాలు. తలతోనో చేతితోనో తేలికగా చూపగల బిడ్డకు కంటి యంత్రం అవసరమే లేకపోవచ్చు.

ఎవరికి ఉపకరిస్తుంది?

చేతులు, మాట రెండూ స్వాధీనంలో లేక, చూపు మాత్రం కొంత నిలకడగా ఉన్న పిల్లలకు ఇది ప్రధానంగా ఉపయోగం. సెరెబ్రల్ పాల్సీ గల పిల్లలలో కొందరు, కండరాలు క్రమంగా బలహీనపడే వ్యాధులు గలవారు, ముఖ్యంగా ఆడపిల్లలకు వచ్చే రెట్ సిండ్రోమ్ గలవారు ఈ కోవలోనివారు. రెట్ సిండ్రోమ్‌లో పిల్లలు అప్పటివరకు నేర్చిన మాటను, చేతి పనిని కోల్పోతారు. కానీ వారి చూపులో ఎంతో భావం మిగిలి ఉంటుంది.

అందరికీ ఇది పనిచేస్తుందని చెప్పడం సత్యం కాదు. కన్ను బాగున్నా, చూసినదానిని మెదడు గ్రహించడంలో ఇబ్బంది గల పిల్లలు ఉన్నారు. సెరెబ్రల్ పాల్సీ పిల్లలలో ఈ ఇబ్బంది తరచుగా కనిపిస్తుంది. అటువంటి బిడ్డ వస్తువును చూసి వెంటనే మొహం తిప్పుకోవచ్చు, లేదా చాలా ఆలస్యంగా చూడవచ్చు. కాబట్టి ముందుగా పిల్లల కంటివైద్యునికి చూపించుట అవసరం. ఇది జబ్బును నయం చేసే చికిత్స కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఆట ముందు, పాఠం తరువాత

యంత్రం వచ్చిన మొదటి రోజే అక్షరాలు నేర్పబోవడం పెద్దలు చేసే పొరపాటు. చేతులు ఆడే బిడ్డ గిలక్కాయ ఊపి, గిన్నె పడవేసి, "నేను చేస్తే ఏదో జరుగుతుంది" అని ఏడాదిలోపే తెలుసుకొంటాడు. దేహం సహకరించని బిడ్డకు ఆ అనుభవమే దొరకదు. అన్నం పెట్టేది ఒకరు, పక్కకు తిప్పేది మరొకరు. తాను తలపెట్టి జరిపించినది ఏదీ లేక బిడ్డ క్రమంగా ప్రయత్నమే మానివేస్తుంది. మనం దానిని "తెలివి లేకపోవడం" అనుకుంటాం.

అందుకే మొదటి మెట్టు ఆట. చూసినచోట బుడగ పగులుతుంది, రంగు పడుతుంది, కుక్కపిల్ల మొరుగుతుంది. ఇందులో తప్పు అన్నది లేదు. రెండవ మెట్టులో కదిలే బొమ్మను చూపుతో వెంబడించాలి. మూడవ మెట్టులో రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి: ఈ పాటా, ఆ పాటా? ఆ తరువాతనే మాటల బొమ్మలు, అక్షరాలు, అంకెలు. బ్రిటన్‌లో 2007 నుండి పనిచేస్తున్న స్పెషల్ ఎఫెక్ట్ అనే సేవాసంస్థ, పిల్లలు ఇష్టపడే మైన్‌క్రాఫ్ట్ ఆటను సైతం చూపుతో ఆడగలిగే ఉచిత సాఫ్ట్‌వేరును అందించింది. అన్నదమ్ములతో సమానంగా ఆడుకోవడం కూడా బిడ్డ హక్కేనన్న భావన ఇందులో ఉన్నది.

యంత్రం లేకున్నా ప్రారంభించవచ్చు

మాట్లాడించే ప్రత్యేక యంత్రాల ఖరీదు లక్షలలో ఉంటుంది. ఆటల కొరకు అమ్మే చిన్న పరికరాలు వేలలో దొరికినా వాటికి తగిన కంప్యూటరు కావాలి. పైగా ఎండవెలుగులో కూడా పరారుణ కిరణాలు ఉంటాయి గనుక ఆరుబయట, కిటికీ ఎదుట యంత్రం తడబడుతుంది. బిడ్డ కళ్లకు, తెరకు నడుమ సుమారు 60 సెంటీమీటర్ల దూరం ఉండాలి, తలకు ఆధారం ఉండాలి. ఇవన్నీ సమకూరేవరకు బిడ్డ కాచుకొని ఉండనక్కరలేదు. ఇంట్లోనే చేయదగినవి ఇవి.

మొదట బిడ్డను కూర్చోబెట్టే తీరు చూడాలి. పడుకొని ఉన్న బిడ్డకు ఇంటి కప్పే కనిపిస్తుంది. గోడమూలలో దిండ్లు పెట్టి, తల, నడుము, పాదాలకు ఆధారం కల్పించాలి. ఫిజియోథెరపీ నిపుణుని సలహా తీసుకొంటే మంచిది.

తరువాత ఎంపికలు ఇవ్వాలి. రెండు వస్తువులను బిడ్డ కళ్ల ఎత్తున, ఒక మూరెడు ఎడంగా పట్టుకోవాలి. ఒకటి బిడ్డకు ఇష్టమైనది, మరొకటి అంతగా ఇష్టం లేనిది అయితే మొదట్లో తేలికగా తెలుస్తుంది. ఒకసారి మాత్రమే అడిగి, మనసులో పది లెక్కపెట్టేవరకు మౌనంగా ఉండాలి. మళ్లీ మళ్లీ అడిగితే బిడ్డ సన్నాహం చెదిరిపోతుంది. తరువాత వస్తువులను అటుదిటు మార్చి మరల అడగాలి. ఎప్పుడూ ఒకే వైపు చూసే అలవాటు కొందరికి ఉంటుంది గనుక ఈ మార్పు తప్పనిసరి. మా పావగడ అవ్వ ఎవరూ నేర్పకుండానే ఈ పని చేసింది. బిడ్డ చూసినదానిని వెంటనే ఇవ్వాలి. మందు వంటి ఎంపిక లేని విషయాలలో అడిగి కాదనడం కన్న అడగకుండుటే మేలు.

మూడవది, 'అవును', 'కాదు' అన్నవాటికి గుర్తులు ఏర్పరచాలి. పైకి చూస్తే అవును, పక్కకు చూస్తే కాదు అని ఇంటిల్లిపాదీ ఒకే తీరుగా పాటించాలి. 'వద్దు' అని చెప్పగలిగే వీలు బిడ్డకు తప్పక ఉండాలి. వద్దనే హక్కు లేనిచోట కావాలనుటకు విలువ లేదు.

తెలుగు వర్ణమాల చేసే మేలు

అక్షరాలు తెలిసిన బిడ్డకు చూపుపలక తయారుచేయవచ్చు. పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ షీటు మధ్యలో పెద్ద రంధ్రం చేసి, బిడ్డకు, మనకు నడుమ నిలబెట్టాలి. రంధ్రంలో నుండి మనం బిడ్డ కళ్లను చూస్తాం. నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యభాగాలు కలిపి ఎనిమిది చోట్లు వస్తాయి. ఈ ఎనిమిదికి మన వర్ణమాల చక్కగా అమరుతుంది.

మొదటి చోట హ్రస్వాచ్చులు అ, ఇ, ఉ, ఋ, ఎ, ఒ, వాటితో సున్న. రెండవ చోట ఆ, ఈ, ఊ, ఏ, ఐ, ఓ, ఔ. తరువాతి ఐదు చోట్ల క, చ, ట, త, ప వర్గాలు. ళ అక్షరాన్ని ట వర్గంతో చేర్చవచ్చు. ఎనిమిదవ చోట య, ర, ల, వ, శ, ష, స, హ. ఏ గుంపులోనూ ఎనిమిదికి మించి అక్షరాలు లేవు. ప్రతి గుంపులోని అక్షరాలను కూడా ఆ ఎనిమిది దిక్కులకు తగినట్లు అమర్చి వ్రాయాలి. బిడ్డ మొదటి చూపుతో గుంపును, రెండవ చూపుతో ఆ గుంపులో అక్షరం ఉన్న దిక్కును తెలియజేస్తుంది. హల్లు తరువాత అచ్చును చూస్తే అది గుణింతం అవుతుంది.

"పాలు" అనాలంటే ప వర్గం, అందులో ప. దీర్ఘాల గుంపు, అందులో ఆ. య-ర-ల-వల గుంపు, అందులో ల. హ్రస్వాల గుంపు, అందులో ఉ. మొత్తం ఎనిమిది చూపులు. "పాల" వరకు రాగానే పెద్దలు ఊహించి "పాలా?" అని అడగవచ్చు, కానీ 'అవును' అన్న చూపు వచ్చేవరకు ఆ మాటను బిడ్డ మాటగా తీసుకోరాదు. కన్నడ, ఒడియా, మరాఠీ వర్ణమాలలకు కూడా వర్గాల అమరిక ఉన్నది గనుక ఇదే పద్ధతి కొద్ది మార్పులతో సరిపోతుంది. తమిళంలో వర్గానికి రెండేసి అక్షరాలే కాబట్టి గుంపులను కలిపి అమర్చుకోవాలి.

ఏ భాషలో?

సరిహద్దు కుటుంబాలకు ఇది ముఖ్యమైన ప్రశ్న. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో ఉన్న బిడ్డకు పలక ఏ భాషలో ఉండాలి? మొదటి పలక ఇంటిభాషలోనే ఉండాలన్నది నా అభిప్రాయం. కడుపునొప్పి, దాహం, భయం, కోపం బిడ్డకు తెలిసినది ఆ భాషలోనే. బడిభాషకు రెండవ పలక తయారుచేసి క్రమంగా పరిచయం చేయాలి. మాట్లాడే బిడ్డలు రెండు భాషలు నేర్చినట్లే వీరూ నేర్వగలరు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు, కన్నడ, తమిళ వాచకాన్ని పలికించే ఏర్పాటు ఉన్నది. లేకున్నా అక్క గొంతునో అన్న గొంతునో రికార్డు చేసి వాడుకోవచ్చు. బడి ఉపాధ్యాయునికి, ఆరోగ్య కార్యకర్తకు బిడ్డ గుర్తులను వారి భాషలో ఒక కాగితంపై వ్రాసి ఇవ్వాలి. అది లేనందువల్లనే నేను ఆ రోజు "స్పందన లేదు" అని వ్రాశాను.

చట్టం ఇచ్చిన హక్కులు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేక అంతకు మించిన వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఉన్నది. 17వ సెక్షను, అటువంటి విద్యార్థులకు పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు 18 ఏళ్ల వరకు ఉచితంగా అందించాలనీ, మాటకు తోడుగా ఇతర సంభాషణ విధానాలను ప్రోత్సహించాలనీ ప్రభుత్వాలను, స్థానిక సంస్థలను ఆదేశిస్తున్నది. తీవ్ర వైకల్యం గల బిడ్డకు ఇంటివద్దనే విద్య పొందే వీలును 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ కల్పించింది. వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది; పింఛను వంటి రాష్ట్ర పథకాలు మాత్రం నివాసమున్న రాష్ట్రంలోనే లభిస్తాయి. కనుక తెలుగు మాట్లాడుతున్నామని పక్క రాష్ట్రపు కార్యాలయం చుట్టూ తిరగక, ఉన్న జిల్లాలోనే దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తులో "సంభాషణ పరికరం" కావాలని ప్రత్యేకంగా వ్రాయించుట మరువరాదు. చక్రాల కుర్చీ అడిగేవారు ఉన్నారు గాని, మాట అడిగేవారు అరుదు.

ఆ పాప ఇంటికి తరువాత వెళ్లినప్పుడు అట్టముక్కలపై పాలు, మజ్జిగ, నిద్ర, బయటకు, వద్దు అనే ఐదు బొమ్మలు తీసుకొని వెళ్లాను. వాటిని ఒక్కొక్క జతగా చూపాను. ఆమె ఎక్కువసార్లు ఎంచుకున్నది 'బయటకు'. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆ సాయంత్రం నుండి అవ్వ ఆమెను వాకిట్లో కూర్చోబెడుతున్నది.

మీ ఇంట, మీ వీధిలో అటువంటి బిడ్డ ఉంటే, యంత్రం ఎప్పుడు వస్తుందో అని ఆలోచించక ముందు, రేపు ఉదయమే రెండు వస్తువులు చేత పట్టుకొని మీ ఇంటి మాటలలో అడగండి. అడిగి, పది లెక్కపెట్టి, కళ్లను చూడండి.